గండికోటలో బాల్ డాన్సు ఎందుకమ్మా?

అమ్మాయీ,

నీ నవల మొదటి ఆరు అధ్యాయాలూ చదివాను. ముందు ఒక మాట, నన్ను మేడం అని రాయొద్దు. అక్కా అను, చాలు. నువ్వు జమ్మలమడుగులో, నేను అనంతపురంలో. ఈ మాత్రం దూరానికి మేడం దేనికి?

నీకు రాయడం వచ్చు. రెండో అధ్యాయంలో పాళెగాని తల్లి పాత పట్టుచీర మడత విప్పి, జరీ ఎక్కడెక్కడ పోయిందో దీపం దగ్గర పెట్టుకుని చూసుకునే చోట కాసేపు ఆగిపోయాను. అలాంటివి ఎవరూ నేర్పలేరు. కానీ నాలుగో అధ్యాయం దగ్గర పట్టు జారింది. గండికోట మహల్లో వాయిద్యాలు మోగుతున్నాయి. నీ కథానాయకుడు నిండు సభలో నడిచి వచ్చి, నాయిక చెయ్యి అందుకుని, తనతో నాట్యం చేస్తావా అని అడిగాడు. ఆ సభలో ఆమె మేనమామలు ముగ్గురున్నారని నువ్వే రాశావు. వాళ్లు చిరునవ్వు నవ్వారని కూడా రాశావు! నేనైతే పేజీ తిప్పగానే ఒక తల తెగిపడి ఉంటుందనుకున్నాను.

ఆ సీను ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంగ్లండు దొరల ప్రేమకథలు అందరం చదివినవే, ఇప్పుడు ఫోన్లలో సిరీసులుగా చూస్తున్నవే. అందులో తప్పేం లేదు. అయితే ఆ డాన్సు హాలు వాళ్లకెందుకు వచ్చిందో చూడు. పార్లమెంటు నడిచే నెలల్లో పల్లెల్లోని భూస్వాములు సంసారాలతో సహా లండన్‌కు చేరేవాళ్లు. పెళ్లీడు ఆడపిల్లలు వెంట వచ్చేవాళ్లు. ఆల్మాక్స్ అనే చోట బుధవారం రాత్రి డాన్సుకు పోవాలంటే డబ్బొక్కటే చాలదు, దాన్ని నడిపే ఆరేడుగురు దొరసానులు సరేనని చీటీ ఇవ్వాలి. భూమి మొత్తం పెద్దకొడుక్కే పోయే దేశం కాబట్టి కూతురు ఏ ఇంటి రెండో కొడుకుతోనో ఎక్కువసేపు నవ్వితే తల్లికి టెన్షన్. 1753లో వచ్చిన వివాహ చట్టం 21 ఏళ్లు నిండనివాళ్ల పెళ్లికి తండ్రి మాట అడ్డం పెట్టింది కాబట్టే ప్రేమికులు స్కాట్లాండు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు పారిపోయేవాళ్లు. ఆ కథల్లో ప్రతి చూపు వెనకా ఒక చట్టమో, ఒక ఆస్తి దస్తావేజో ఉంటుంది. నువ్వు దీపాలూ సంగీతమూ తెచ్చుకున్నావు, దస్తావేజులు అక్కడే వదిలేసి వచ్చావు.

నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. పెద్దిళ్లలో పెళ్లంటే రెండు కుటుంబాల లావాదేవీ. ఏ ఇంటికి ఏమొస్తుంది, ఏ ఇంటికి ఏం పోతుంది అన్నది నీకు పైసలతో సహా తెలియాలి. అది తెలిశాక ఆ పిల్లా ఆ పిల్లాడూ ఒకరినొకరు కోరుకోవడం వల్ల ఎవరి కొంప మునుగుతుందో నీకే కనిపిస్తుంది. కథ అక్కడుంది.

మొదట కాలం తేల్చుకో. ఒక పేజీలో గండికోటలో పెమ్మసాని నాయకులున్నారు, ఇంకో పేజీలో కలెక్టరు కచేరీ ఉంది. గండికోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది 17వ శతాబ్దం నడుమ. నిజాం దత్తమండలాలను, అంటే కడప, బళ్లారి వైపు సీమను, ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది 1800లో. మధ్యలో నూటయాభై ఏళ్లు. నన్నడిగితే 1800 తర్వాతి కాలమే తీసుకో. గండికోట రాజసం పోయినా నష్టం లేదు, నీ జరీ చీర సీను ఆ కాలానిదే.

థామస్ మన్రో కంపెనీ కలెక్టరుగా ఇక్కడికొచ్చేసరికి ఎనభై మంది దాకా పాళెగాళ్లు ఉండేవాళ్లు. ఆయన ఉన్న ఏడేళ్లలో వాళ్ల బలగాలు పోయాయి, చాలామందికి మిగిలింది తవర్జీ, అంటే నెలనెలా సర్కారు పడేసే భత్యం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ముట్టింది నెలకు 11 రూపాయల చిల్లర. ఆయన 1846లో తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆ కథ అందరికీ తెలుసు, నువ్వు మళ్లీ చెప్పక్కర్లేదు. నువ్వు చూడాల్సింది అలాంటి తవర్జీ మీద బతికే ఇంకో ఇంట్లో, ఎవరూ తిరగబడని ఇంట్లో, పెళ్లి కావాల్సిన ఆడపిల్ల సంగతి.

పల్లకి ఉంది, మోసే బోయీలకు ఇవ్వడానికి కూలి లేదు. రోజూ తినేది కొర్రన్నం, జొన్న సంగటి. మగపెళ్లివారు వస్తే మాత్రం వరన్నం వండాలి, ఓళిగలు చెయ్యాలి, నెయ్యి ధారగా పొయ్యాలి. బియ్యం ఎవరింటి నుంచి బదులు తెచ్చారో వంటమనిషికి తెలుసు. బదులిచ్చిన ఇంటివాళ్లూ ఆ పంక్తిలోనే కూర్చుని ఉంటే? వాళ్లు పేరుకు రైతులు, పట్టా వాళ్ల పేరు మీద ఉంది, గాదెలు నిండున్నాయి, తాతల నాడు ఈ పాళెగాని ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డవాళ్లు. ఇప్పుడు వాళ్ల పిల్లాడికి ఈ ఇంటి పిల్ల కావాలి. పేరున్నోళ్లకు డబ్బు లేదు, డబ్బున్నోళ్లకు పేరు లేదు. ఆ పంక్తిలో ఓళిగ వడ్డించేటప్పుడు నీ నాయిక అతని ఆకు దగ్గర ఆగిందా, దాటిపోయిందా? నీ డాన్సు సీను పది పేజీల్లో చెయ్యలేనిది ఇది అర పేజీలో చేస్తుంది.

ఇంకొకటి, నువ్వు అసలు ముట్టుకోనిది: ఇల్లటం. కొడుకుల్లేని రెడ్ల ఇళ్లలో కూతురినిచ్చి, అల్లుణ్ణి ఇంట్లోనే పెట్టుకుని, సేద్యం అప్పజెప్పి, కొడుకులా ఆస్తి ఇచ్చే ఆచారం. మద్రాసు హైకోర్టు తీర్పుల్లోకి ఎక్కినంత గట్టి ఆచారం అది. తర్వాత ఆ మామకు కొడుకు పుట్టినా ఇల్లటపుటల్లుడి వాటా పోదు. ఎంత కథ ఉందో చూశావా! ఇంగ్లండు కథల్లో ఆడపిల్లను సంతలో నిలబెట్టినట్టు నిలబెడతారు. ఇక్కడ మగపిల్లాణ్ణి చూడ్డానికి వస్తారు. వీడికి నాగలి పట్టడం తెలుసా, కోపమెంత, అన్నదమ్ములెందరు, రేపు వాళ్లంతా మనింటి మీద వచ్చి పడతారా? మీసం మెలేసిన నీ నాయకుణ్ణి ఆ అరుగు మీద కూర్చోబెట్టి, ఆడపెళ్లివారి చేత ఆ ప్రశ్నలు అడిగించు. అతను లేచిపోకుండా కూర్చున్నాడంటే, ఆ పిల్ల కోసం కూర్చున్నాడని చదివేవాళ్లకు నువ్వు చెప్పక్కర్లేదు. పెళ్లయ్యాక అత్తగారింటి జీతగాళ్లు అతన్ని ఏమని పిలుస్తారు, భోజనానికి పీట ఎవరి పక్కన వేస్తారు, ఇవన్నీ నీకు దొరికిన నిధులు.

మేనరికం సంగతి కూడా అంతే. ఇంగ్లండు కథలో అబ్బాయిని అమ్మాయికి పరిచయం చెయ్యడానికి మూడో మనిషి కావాలి. మన కథలో మేనబావ పుట్టినప్పటి నుంచీ ఇంట్లోనే తిరుగుతుంటాడు, ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు, ఎవరూ అడ్డుపడరు, అసలు అడిగేదే లేదు. హక్కు ఉంది. హక్కున్నవాడు ప్రేమించాల్సిన అవసరమేముంది? బయటి నుంచి వచ్చినవాడు ఆ హక్కు ముందు నిలబడాలి. నీ నవలలో మేనబావను ఉత్త విలన్ని చేశావు, తొడగొడుతున్నాడు కూడా. సినిమాల్లో చాలినంత కొట్టారు, నువ్వు వదిలెయ్. అతను మంచివాడు కావాలి. అతనికి ఆమె అంటే ఇష్టం కావాలి. అప్పుడు నాయికకు నిద్ర పట్టదు.

వయసు గురించి దాచకుండా మాట్లాడుకుందాం. ఆ రోజుల్లో పెద్దకులాల ఇళ్లలో ఆడపిల్లలకు బాల్యంలోనే పెళ్లిళ్లు చేసేవాళ్లు. దాన్ని ఆపడానికి శారదా చట్టం 1929 దాకా రాలేదు. చిన్నపిల్లను ప్రేమకథలో పెట్టొద్దు, అది చరిత్రే అయినా సరే. నీ నాయికకు ఇరవై ఏళ్లుండనీ, ఇరవై ఏళ్లకీ ఎందుకు పెళ్లి కాలేదో చెప్పు. వియ్యమందాల్సిన ఇల్లు మన్రో కాలంలో దివాలా తీసిందా? తండ్రి జైలుకు పోయాడా? కట్నం కింద అనుకున్న చేను తాకట్టులో ఉందా? ఆ ఒక్క కారణం సరిగ్గా దొరికితే సగం నవల నడుస్తుంది. ఊళ్లోవాళ్ల సూటిపోటి మాటలు ఎలాగూ వస్తాయి.

డబ్బు లెక్కలో ఒక తేడా గుర్తుపెట్టుకో. ఇంగ్లండులో 1882 చట్టం వచ్చేదాకా పెళ్లైన ఆడదాని ఆస్తి చాలావరకు మొగుడి చేతుల్లోకి పోయేది, అందుకే అక్కడ లాయర్లు పెళ్లికి ముందే కాగితాలు రాసుకునేవాళ్లు. మన దగ్గర స్త్రీధనం ఆమెది. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన చేను ఆమెది. ఆ చేను చెరువు కిందిదా, మెట్టా? కథ 1870ల తర్వాత పెడితే కర్నూలు–కడప కాలువ కిందిదా? ఒక కాలువ రావడంతో ఏ పిల్ల విలువ పెరిగిందో, ఏ పిల్ల విలువ తగ్గిందో అత్తలందరూ నోటి లెక్కన చెప్పగలరు. ఆ అత్తల్లో ఒకామెకు ఒక పేజీ ఇవ్వు.

మరి వీళ్లిద్దరూ ఎక్కడ కలవాలి అంటావు. తిరునాళ్లు లేవా? అహోబిలం పరువేట చూడు. కనుమ నాడు నరసింహస్వామి పల్లకి ఎక్కి ఊళ్లు తిరగడానికి బయల్దేరతాడు. దాదాపు నలభై రోజులు ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. దేవుడే స్వయంగా శుభలేఖ పంచుతున్న రోజుల్లో నీకు డాన్సు హాలు ఎందుకు? ఊళ్లోకి పల్లకి వచ్చిన రోజు చుట్టాలు దిగుతారు, గోషా కాస్త సడలుతుంది, పొరుగూరి వాళ్లు ఎవరి అరుగు మీద కూర్చోవాలనే దగ్గర పంతాలొస్తాయి. అతను ఆమెతో మాట్లాడడు. ఆమె తమ్ముణ్ణి పట్టుకుని, "మీ అక్క బాగుండాదా?" అంటాడు. కాసేపయ్యాక మళ్లీ అదే అడుగుతాడు. మూడోసారి అడిగితే తమ్ముడికి అనుమానం వస్తుంది. అంతే చాలు. నీ ఐదో అధ్యాయంలోని "నీ కళ్లలో సముద్రాలు చూస్తున్నాను" కొట్టెయ్. ఆ పిల్లాడు పెన్న దాటి ఎరగడు, సముద్రం ఎక్కడ చూశాడు?

కబుర్లు మోసేవాళ్లను కూడా పట్టించుకో. పురోహితుడు, మంగలి, వంశావళి వల్లించే భట్రాజు, వీళ్లు అరుగు దాకా వస్తారు. లోపలికి, ఆడవాళ్ల దగ్గరికి పోయేది గాజులామె. ఆమెను ఒక సీనులో పెట్టి చూడు. గాజుల మలారం దించి, గడప లోపల కూర్చుని, నీ నాయిక చేతిని తన ఒళ్లోకి తీసుకుని వేళ్లు నొక్కి గాజు ఎక్కిస్తుంది. ఎక్కిస్తూ ఎక్కిస్తూ, "ఈ కొలత నన్ను ఇంకో ఇంట్లో అడిగినారు తల్లీ" అంటుంది. ఎవరని ఈమె అడగదు. తల్లి వింటోంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోదు, ఇంకో చెయ్యి కూడా ఇస్తుంది. ఇలాంటి చోట ఒక్క ఉపమానం కూడా వెయ్యకుండా రాయి.

వేషాల గురించి ఫోన్లో వెతక్కు. విజయనగర కాలం గురించి ఏ ముక్క రాయాలన్నా లేపాక్షికి పోయి మెడ నొప్పెట్టేదాకా కప్పు చూడు. అచ్యుతరాయల కాలం నాటి బొమ్మలు, పార్వతి పెళ్లి ముస్తాబు ఉంది, ద్రౌపదీ స్వయంవరం ఉంది. చీరల మీద రకరకాల డిజైన్లు, మగవాళ్ల నెత్తిన పొడుగాటి కుళ్లాయిలు. నీ నాయకుడి నెత్తిన పెట్టిన తలపాగా రాజస్థానీ టూరిస్టు బొమ్మలోది, దయచేసి తీసెయ్. ఊళ్ల సంగతులకు కంపెనీ దొర మెకంజీ రాయించిన కైఫియత్తులు, అంటే ఊరూరి చరిత్రలు, చదువు. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి నువ్వు బస్సెక్కి పోయి రావచ్చు.

నవాబు కూతురు స్నేహితురాలిగా వస్తుంది కదా, ఆ పాత్ర బాగుంది, కానీ ఆమె కూడా హిందూ పెళ్లిలాగే ముహూర్తాల గురించి మాట్లాడుతోంది. ఆమె లెక్క మెహర్, అంటే నిఖాలో పెళ్లికొడుకు పెళ్లికూతురికి రాసిచ్చే సొమ్ము. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ 1839లో దించేసింది. ఆ తర్వాత ఆ బంధువర్గం పిల్లలకు సంబంధాలు ఎలా వచ్చి ఉంటాయో ఊహించు, నీ నాయిక బాధకు జోడు దొరుకుతుంది. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వెంకన్న భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి పుట్టింటివాళ్లుగా వస్తారు. ఆ రోజు ఇద్దరు స్నేహితురాళ్లూ ఒకే చోట ఉండొచ్చు. ఎక్కువ చెయ్యకు.

ఒక జాగ్రత్త. నిజం పాళెగాళ్ల ఇంటిపేర్లు వాడి వాళ్ల ఆడపిల్లలకు ప్రేమకథలు అంటగట్టకు. ఆ వంశాలవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు ముత్తవ్వలు దేవతలు. పాళేనికి ఒక కొత్త పేరు పెట్టుకో. చుట్టూ కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు నిజంవే ఉండనీ.

నాలుగో అధ్యాయం తిరగరాసి పంపేటప్పుడు వెంట వేరే కాగితం ఒకటి పంపు. దాని మీద ఆ పెళ్లి లెక్క ఉండాలి: పిల్ల పేరున చేను ఎంత, నగలెన్ని, తాకట్టులో ఏమున్నాయి, అప్పు ఎవరికి, బియ్యం బదులిచ్చింది ఎవరు, ఆ నెల తవర్జీ ఏ తారీఖున చేతికొచ్చింది. అది నవలలో పెట్టొద్దు, నాకు చూపిస్తే చాలు. లెక్క ఎక్కడైనా తప్పితే ఎర్ర పెన్నుతో దిద్దుతాను. ఏమీ అనుకోవు కదా?

ఇట్లు,
అక్క
అనంతపురం