కలలావ్ ట్రైల్‌కి హైదరాబాద్‌లో ప్రాక్టీస్

హవాయిలో కలలావ్ ట్రైల్ అనే కొండదారికి మీ బావగారితో వెళ్తున్నానని, ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయని, ఇక్కడ జిమ్‌కి వెళ్తే సరిపోతుందా అని అడిగారు కదండీ. జిమ్ ఒక్కటే చాలదు. బరువు మోస్తూ ఏటవాలు దిగడం అలవాటు కావాలి.

ఆదివారాలు తెల్లవారగానే బ్యాగు నింపుకుని భువనగిరి కోట ఎక్కండి. దిగేటప్పుడే మోకాళ్ల సంగతి తెలుస్తుంది, అందుకని నెమ్మదిగా దిగండి. ఖాజాగూడ గుట్టలూ పనికొస్తాయి. కాకపోతే మన గ్రానైట్ పొడిగా ఉన్నప్పుడు బూటును బాగా పట్టుకుంటుంది. కలలావ్ దారిలోని ఎర్రమట్టి వాన పడితే సబ్బులా జారుతుంది.

మీరు భయపడుతున్న క్రాలర్స్ లెడ్జ్ 7వ మైలు దగ్గర వస్తుంది. సన్నటి దారి, కింద సముద్రం. చూపు పాదం పడే చోటే ఉంచండి. ఎదురుగా ఎవరైనా వస్తుంటే ముందే వెడల్పున్న చోట ఆగిపోండి. గాలివాన ఉంటే అసలు అడుగు పెట్టొద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ 2వ మైలు దగ్గరి హనకాపియాయి వాగు గురించే. పైన కొండల్లో వాన పడితే ఉన్నట్టుండి పొంగుతుంది. నీళ్లు బురదగా, వడిగా ఉంటే తగ్గేదాకా ఒడ్డునే కూర్చోండి. దాటేటప్పుడు బ్యాగు నడుము బెల్టు విప్పేయండి, పడితే వెంటనే వదిలించుకోవచ్చు. వాగు దగ్గరి హనకాపియాయి బీచ్‌లో ఈతకు మాత్రం దిగొద్దు, దయచేసి.

హనకాపియాయి లోయ దాటాలంటే ఒక్కరోజు నడకకైనా పర్మిట్ ఉండాలి. ఒకవైపే 11 మైళ్లు, అంటే దాదాపు 18 కిలోమీటర్లు. ఇద్దరిలో ఎవరు వద్దన్నా వెనక్కి తిరగాలని బావగారితో బయల్దేరక ముందే మాట్లాడుకోండి.