వీడియోలో డాక్టరుకి పాదాలు కనబడవు

చిన్నీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

విలేజ్ క్లినిక్‌లో చేరి వారం కాలేదు, ట్యాబ్ చూస్తేనే టెన్షన్ వస్తోందన్నావు. 2019 నవంబరులో మన రాష్ట్రంలో ఈ-సంజీవని, అదే రోగిని వీడియోలో దూరాన ఉన్న డాక్టరుకి చూపించే ప్రభుత్వ సేవ, మొదలైనప్పుడు నేను పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. పాతికేళ్ళు సూదులు వేసిన చెయ్యి, ఆ కెమెరా ముందు వణికింది. యాప్ నొక్కడం నాలుగు రోజుల్లో నీకే వచ్చేస్తుంది, దాని గురించి రాయను.

నేను చేసిన తప్పు చెబుతాను. ఒక ముసలాయన కడుపులో గ్యాస్ అంటూ వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి వీడియో కలిపాను. అవతల డాక్టరుగారికి ఛాతీ వరకే కనబడుతోంది. ఈయన చెప్పింది విని గ్యాస్ బిళ్ళలు రాశారు. మూడో రోజు రాత్రి ఆయాసంతో 108 ఎక్కాడు. గుండె బలహీనపడి కాళ్ళకు నీరు పట్టిందట. ఆ కాళ్ళు నా దగ్గరికి వచ్చిన రోజు కూడా వాచే ఉన్నాయి, పంచె కింద. నేను చూడలేదు, చూపించనూ లేదు. ఆయన బతికాడు. తర్వాత సంతలో ఎదురై ఆయనే నన్ను పలకరిస్తే నాకు మాట రాలేదు.

అందుకే వీడియో కలిపే ముందు మనిషిని తల నుంచి పాదం దాకా నువ్వొకసారి చూసుకో. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తియ్యి. గుంట పడితే, అది పూడకముందే కెమెరా అక్కడికి తిప్పు. షుగరున్న వాళ్ళకు చెప్పులు విప్పించి వేళ్ళ సందులు చూపించు. కళ్ళ పసుపు, రెప్ప లోపల పాలిపోవడం ట్యూబ్‌లైటులో సరిగా తెలియవు. కుర్చీ కిటికీకి ఎదురుగా వెయ్యి. వెలుతురు వీపు వెనక ఉంటే మనిషి నల్లటి నీడలా కనబడతాడు.

ఎండలో నడిచొచ్చిన మనిషికి వెంటనే బీపీ పట్టీ కట్టకు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనీ. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, బిగుతు జాకెట్టు మీద కట్టకూడదు. ఆక్సీమీటర్ పెట్టేటప్పుడు గోళ్ళరంగు తుడిచెయ్యి, చల్లబడిన వేళ్ళను రుద్దు. నువ్వు చెప్పే అంకె నమ్మే అవతల డాక్టరు మందు రాస్తారు.

దగ్గుతో వచ్చిన పసిపిల్లల విషయంలో తొందరపడకు. ఏడుస్తుంటే ఊపిరి లెక్కపెట్టకు, తల్లి చన్నిచ్చి ఊరుకోబెట్టాక నిమిషం నిండా లెక్కపెట్టు. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకు 50, ఆపైన ఐదేళ్ళలోపు 40, అక్కడికి చేరితే వేగమే. డొక్కలు ఎగరేస్తుంటే చొక్కా ఎత్తి పక్కనుంచి కెమెరా పెట్టు. ముందునుంచి పెడితే అంత బాగా తెలియదు.

కొన్నింటికి అసలు వీడియో కోసం ఆగకు. గుండెనొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, పాముకాటు, గర్భిణికి రక్తం పోవడం లేదా బీపీ 160/110కి చేరడం - ముందు 108కి ఫోన్ చెయ్యి. సిగ్నల్ కోసం తిరిగే పది నిమిషాలు కూడా వాళ్ళకు ఎక్కువే.

నిద్రమాత్రలు రాయించమని బతిమాలేవాళ్ళు వస్తారు. మత్తు మందులు చాలావరకు ఇలా వీడియోలో చూసి రాయకూడదని 2020 మార్చి టెలిమెడిసిన్ (దూరం నుంచి చేసే వైద్యం) మార్గదర్శకాల్లోనే ఉంది. డాక్టరుగారు కాదంటే నువ్వు వాళ్ళకు వత్తాసు పలకకు.

తలుపు దగ్గర మూగే జనాన్ని మొహమాటం లేకుండా పంపించెయ్యి. తెల్లబట్ట గురించి అత్తగారి ఎదుట ఏ కోడలూ చెప్పదు. చివర్లో మందులు ఎలా వేసుకోవాలో రోగి చేతనే తిరిగి చెప్పించు, డాక్టరుగారు వింటుండగా. ‘సరే’ అని తలూపారంటే అర్థమైందని కాదు.

పండక్కి వచ్చినప్పుడు నా పాత టార్చిలైటు పట్టుకెళ్ళు. గొంతు చూపించడానికి ఫోను లైటు కంటే అదే నయం, కొత్త బ్యాటరీలు వేసి ఉంచాను.

పెద్దమ్మ