పాత డీజిల్‌కి అయిదో గేరు

మేస్త్రిని అడగండి: పాఠకుల ప్రశ్నలకు ఒక గేర్‌బాక్స్ మెకానిక్ జవాబులు

ప్రశ్న: మేస్త్రి గారూ, నా దగ్గర 1986 ఫోర్డ్ ఎఫ్-250 ట్రక్కు ఉంది. 6.9 లీటర్ల డీజిల్ ఇంజన్, నాలుగు గేర్ల టి-19 గేర్‌బాక్స్, ఫోర్ వీల్ డ్రైవ్. వెనక ఇరుసు రేషియో 4.10 (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు), టైర్లు 235/85 ఆర్16. హైవే మీద 60 మైళ్లు దాటితే ఇంజన్ గోలకి పక్కవాళ్ల మాట వినపడదు. ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజన్ కంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగంగా తిరిగే గేరు, కావాలి. ఒకాయన జడ్‌ఎఫ్ అయిదు గేర్ల బాక్స్ వేయమంటాడు. ఇంకొకాయన ఉన్నదాని వెనకే గేర్ వెండర్స్ కంపెనీ ఓవర్‌డ్రైవ్ యూనిట్ తగిలించమంటాడు. మూడో ఆయన ఇరుసులోని క్రౌన్, పినియన్ గేర్లు మారిస్తే చాలంటాడు. అప్పుడప్పుడు ట్రైలర్ కూడా లాగుతాను. ఏం చేయమంటారు?

జవాబు: ముగ్గురి మాటా కాసేపు పక్కన పెట్టి, కాగితం, పెన్ను తీసుకోండి. మైళ్లలో వేగాన్ని వెనక రేషియోతో, తర్వాత 336తో గుణించి, అంగుళాల్లో టైరు ఎత్తుతో భాగిస్తే టాప్ గేరులో ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతుందో వస్తుంది. మీ టైరు ఎత్తు సుమారు 31.7 అంగుళాలు. 65 మైళ్ల దగ్గర లెక్క 2825 ఆర్‌పీఎం దాకా తేలుతుంది. ఈ ఇంజన్ పూర్తి హార్స్‌పవర్ ఇచ్చేది 3300 దగ్గర. అంటే మీరు మామూలు ప్రయాణంలోనే దాని పైమెట్టుకి కాస్త కింద తిరుగుతున్నారు. గోల రాకేం చేస్తుంది?

మీ టి-19లో నాలుగో గేరు నేరు గేరు. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టూ ఒక్క చుట్టే తిరుగుతుంది. జడ్‌ఎఫ్ అయిదో గేరు రేషియో, బాక్స్ రకాన్ని బట్టి, 0.76 లేదా 0.77. గేర్ వెండర్స్‌ది 0.78. ఏది వేసినా అదే 65 దగ్గర మీ ఇంజన్ 2200 ఆర్‌పీఎం అటూ ఇటూగా తిరుగుతుంది. కాబట్టి హైవే మీద ఈ రెంటికీ తేడా లేనట్టే. తేడా అంతా మిగతా చోట్ల ఉంది.

క్రౌన్, పినియన్ సంగతి ముందే తేల్చేద్దాం. 4.10 తీసి 3.55 వేస్తే 65 దగ్గర 2450కి దిగుతుంది. ఫర్వాలేదు, కానీ మీది ఫోర్ వీల్ డ్రైవ్. వెనక మారిస్తే ముందు కూడా మార్చాల్సిందే. పైగా మొదటి గేరు నుంచి రివర్స్ దాకా అన్నీ అదే మోతాదులో బరువెక్కుతాయి. ట్రైలర్ తగిలించి ఎత్తు మీద బండి కదిలించేటప్పుడు ఆ తేడా క్లచ్ ప్లేటుకి తెలుస్తుంది. ట్రైలర్ లాగేవాళ్లకి నేనిది చెప్పను.

ఇక గేర్ వెండర్స్. ఇది ఇంగ్లండులోని లేకాక్ డి నార్మన్‌విల్ ఓవర్‌డ్రైవ్ వంశంలోది. పాత వోల్వోలు, ట్రయంఫ్‌లు, ఎంజీ కార్లలో ఉండేది ఆ రకమే. లోపల ఒక ప్లానెటరీ సెట్ ఉంటుంది. మధ్యలో సన్ గేరు, చుట్టూ ప్లానెట్లు, బయట రింగ్ గేరు. ఓవర్‌డ్రైవ్ లేనప్పుడు స్ప్రింగులు ఒక కోన్ క్లచ్‌ని రింగు మీదకి నొక్కి పట్టుకుంటాయి, అంతా ఒకే ముద్దలా తిరుగుతుంది. స్విచ్ వేయగానే ఆయిల్ ఒత్తిడి ఆ కోన్‌ని అవతలికి తోసి, కదలని బ్రేక్ రింగుకి ఆనిస్తుంది. సన్ గేరు ఆగిపోతుంది. ప్లానెట్లు దాని చుట్టూ తిరుగుతూ బయటి రింగుని ఎక్కువ వేగంతో తిప్పుతాయి. క్లచ్ తొక్కనక్కర్లేదు. నాలుగు గేర్లకీ మధ్యలో ఒక్కో అరమెట్టు దొరుకుతుంది. మూడుకి నాలుగుకి మధ్య ఖాళీ ఎక్కువని విసుక్కునేవాళ్లకి ఆ అరమెట్టు చాలా ఉపయోగం. టూ వీల్ డ్రైవ్ ట్రక్కుకి, అదీ గేర్‌బాక్స్ ఆరోగ్యంగా ఉంటే, ఇంతకంటే చక్కటి పని లేదు.

మీ ట్రక్కులో మాత్రం ఇది ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకి శక్తిని పంచే పెట్టె) వెనక కూర్చుంటుంది. అంటే వెనక చక్రాలకే ఓవర్‌డ్రైవ్, ముందు చక్రాలకి లేదు. ఫోర్ వీల్ వేసి ఉండగా పొరపాటున స్విచ్ నొక్కితే వెనక ఇరుసు ఒక వేగంతో, ముందు ఇరుసు ఇంకో వేగంతో తిరగాలని చూస్తాయి. ఏదో ఒకటి విరుగుతుంది. ఇంకోటి, ఓవర్‌డ్రైవ్ పడి ఉండగా రివర్స్ వేయకూడదు. లోపల ఒక్క దిక్కుకే తిరిగే రోలర్ క్లచ్ ఉంటుంది, అది వెనక్కి తిరగడానికి ఒప్పుకోదు. వేగం తగ్గితే దానంతటదే వదిలేసే ఎలక్ట్రికల్ ఏర్పాటు ఉంటుంది, దాన్ని తప్పించి వైరింగ్ చేసే తెలివైనవాళ్లూ ఉంటారు. వాళ్ల యూనిట్లు బల్ల మీద విప్పితే రోలర్ క్లచ్ కథంతా చెప్తుంది. పైగా వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని కోసి పొట్టి చేయాలి, బ్యాలెన్స్ చేయించాలి. షాఫ్ట్ పొట్టిదయ్యేకొద్దీ క్రాస్ జాయింట్ల కోణం నిటారుగా తయారవుతుంది, వణుకు మొదలవుతుంది.

అందుకే మీ బండికి నా ఓటు జడ్‌ఎఫ్‌కి. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ కేస్‌కి ముందు. కాబట్టి నాలుగు చక్రాలకీ ఒకే వేగం వెళ్తుంది, ఫోర్ వీల్‌లో కూడా నిశ్చింత. కానీ కొనేటప్పుడే పని సగం గెలవడమో ఓడడమో జరుగుతుంది. జడ్‌ఎఫ్ ఎస్5-42కి బెల్ హౌసింగ్ (బాక్స్‌ని ఇంజన్‌కి బిగించే గంట ఆకారపు తొడుగు) విడిగా ఉండదు, బాక్స్‌తో కలిపి పోత పోసి ఉంటుంది. పెట్రోల్ ఇంజన్ ట్రక్కు నుంచి తీసిన బాక్స్ చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే మీ డీజిల్ బ్లాకుకి బోల్టులు కలవవు, అడాప్టర్ల వేటలో పడతారు. మీ 6.9 తర్వాత వచ్చిన 7.3 లీటర్ల ఐడీఐ డీజిల్ ఇంజన్ వెనక నడిచినదే తీసుకోండి. అందులోనూ ఫోర్ వీల్ రకం, దాని ట్రాన్స్‌ఫర్ కేస్‌తో సహా. టూ వీల్ బాక్స్ వెనక భాగం వేరు. ఫ్లైవీల్, క్లచ్ సెట్, క్లచ్ సిలిండర్లు, వెనక క్రాస్ మెంబర్, చివరికి గేర్ లివర్ కూడా ఆ ట్రక్కుదే అడిగి తెచ్చుకోండి. ఒక్క బ్రాకెట్ కోసం తర్వాత తిరిగే తిరుగుడు మహా చిరాకు.

ఫ్లైవీల్ దగ్గర ఒక మాట. 7.3తో వచ్చిన జడ్‌ఎఫ్‌లకి కంపెనీ రెండు ముక్కల ఫ్లైవీల్ ఇచ్చింది. మధ్యలో స్ప్రింగులుండి డీజిల్ కుదుపుని మింగుతుంది. అరిగాక అదే గడగడలాడుతుంది, అప్పుడు చాలామంది దాని బదులు ఒకే ముక్క ఫ్లైవీల్ వేస్తారు. ఆ తర్వాత న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గేర్ల గలగల వినపడుతుంది, క్లచ్ తొక్కితే ఆగుతుంది. కొత్త బాక్స్ పోయిందని టెన్షన్ పడకండి. అది ఇంజన్ కుదుపు గేర్ల దాకా రావడం, అంతే.

ఆయిల్ కూడా చూసుకోండి. టి-19కి చిక్కటి గేర్ ఆయిల్ పోయడం అలవాటై జడ్‌ఎఫ్‌లోనూ అదే పోసేస్తారు. దానికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, మెర్కాన్ రకం పోయాలి. జీఎల్-5 గేర్ ఆయిల్‌లోని రసాయనాలు సింక్రో రింగులకి (గేరు పడేముందు వేగాలు కలిపే రింగులకి) మంచివి కావు. చిక్కదనం వల్ల చలిలో గేర్లు పడవు కూడా. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు బాక్స్ ఎక్కించాకే కొలవండి, బండి బరువు చక్రాల మీద ఉండగా. జాకీ మీద కొలిచిన కొలత పనికిరాదు.

ట్రైలర్ ఉన్నప్పుడు మాత్రం అయిదో గేరు మీద ఆశ తగ్గించుకోండి. చదును రోడ్డు మీద వాడండి. ఎత్తు రాగానే, వేగం పడిపోయేదాకా ఆగకుండా, నాలుగులోకి దించండి. తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ అడుగుకంటా తొక్కి ఈడిస్తే నల్లపొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, ఆ భారమంతా అయిదో గేరు పళ్ల మీద పడుతుంది. డీజిల్ ఆదా అవుతుంది, కానీ రెట్టింపు మైలేజీ కలలు వద్దు. గోల తగ్గింది కదా అని 75లో పోతే ఆదా అయినదంతా గాలి తినేస్తుంది.

ప్రశ్న: నాది 1991 డాడ్జ్, కమిన్స్ ఇంజన్. గెట్రాగ్ అయిదు గేర్ల బాక్స్‌లో ఈ మధ్య కూత వస్తోంది. ఎన్‌వీ4500 అనే ఇంకో అయిదు గేర్ల బాక్స్ వేసేస్తే ఇక తలనొప్పి ఉండదంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. మీకు ఓవర్‌డ్రైవ్ ఇప్పటికే ఉంది. ముందు ఆయిల్ ప్లగ్ విప్పి లెవెల్ చూడండి. గెట్రాగ్‌లో ఆయిల్ తగ్గితే బేరింగులు ఎండి అరుస్తాయి. కూత కొత్తగా మొదలైందే అయితే బాక్స్ దించి బేరింగులు మార్చడంతో బయటపడొచ్చు. గేర్లే పోయుంటే స్పేర్ పార్టులు దొరకడం కష్టం, అప్పుడు ఎన్‌వీ4500 సరైన మార్గమే.

కానీ దానికీ ఒక జబ్బుంది. వెనక మెయిన్ షాఫ్ట్ మీద అయిదో గేరుని పట్టి ఉంచే నట్టు డీజిల్ కుదుపులకి వదులవుతుంది. గేరు మెల్లగా వెనక్కి జరుగుతుంది, ఒకరోజు అయిదో గేరు వేస్తే ఏమీ ఉండదు, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. సెకండ్‌హ్యాండ్ బాక్స్ కొంటే బండికి ఎక్కించకముందే వెనక భాగం విప్పి ఆ నట్టు చూడండి. గట్టిగా పట్టే రకం నట్టులు బయట దొరుకుతాయి, బాక్స్ కింద ఉన్నప్పుడే వేయించండి. అమ్మేవాడు వెనక విప్పనివ్వనంటే ఆ బేరం వదిలేయండి.

ప్రశ్న: నా పాత ఫోర్డ్ డీజిల్‌లో సి6 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసేసి, ఓవర్‌డ్రైవ్ ఉన్న ఈ4ఓడీ ఆటోమేటిక్ వేద్దామనుకుంటున్నాను. బోల్టులు సరిపోతే చాలు కదా?

జవాబు: చాలదు. సి6 మూడు గేర్లది, లోపల ఎలక్ట్రానిక్స్ లేవు. ఈ4ఓడీకి నాలుగో గేరు 0.71, పైగా కన్వర్టర్ లాకప్ (ఇంజన్‌నీ బాక్స్‌నీ ఆయిల్‌తో కలిపే కన్వర్టర్‌ని బిగించి పట్టే క్లచ్) ఉంటుంది కాబట్టి హైవే మీద ఆయిల్ జారుడు పోతుంది. అయితే గేరు మారాలన్నా, లాకప్ పడాలన్నా, ఆయిల్ ఒత్తిడి పెరగాలన్నా దానికి ఒక కంప్యూటర్ చెప్పాలి. మీ పాత డీజిల్‌కి అది లేదు. విడి కంట్రోలర్, ఇంజక్షన్ పంప్ మీద థ్రాటిల్ సెన్సర్, వేగం చెప్పే సెన్సర్ అమర్చుకోవాలి. థ్రాటిల్ సెన్సర్ సర్దుబాటు సరిగ్గా లేకపోతే బాక్స్‌కి ఇంజన్ మీద ఎంత భారముందో తెలియదు, ఒత్తిడి తక్కువిచ్చి క్లచ్‌లని కాల్చుకుంటుంది. ట్రైలర్ లాగేవారైతే బాక్స్‌తోపాటే పెద్ద ఆయిల్ కూలర్ కూడా కొనండి. పాత బాక్స్ పేలిపోయి ఉంటే కూలర్ పైపులు కడిగినా నమ్మకండి, కొత్త కూలరే వేయండి.