రక్తపింజర కాటు: నెత్తురు గడ్డకడుతుందా, కట్టదా?

సందేహం: పాముకాటు మీద మా మండలంలో రైతుల కోసం కరపత్రం రాస్తున్నాం. ‘వైపర్’ అన్నచోట ఒకరు కట్లపాము అంటారు, ఒకరు రక్తపింజర అంటారు, పెద్దవాళ్లు పొడపాము అంటారు. ఏది రాయాలి? దాని విషం ‘రక్తాన్ని గడ్డకట్టిస్తుంది’ అని ఒకచోట, ‘గడ్డకట్టనివ్వదు’ అని మరోచోట చదివాం. ఏ వాక్యం సరైనది? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: కట్లపాము అని మాత్రం రాయకండి. ఒంటి మీద అడ్డంగా తెల్లటి కట్లు ఉంటాయి కనుక దానికాపేరు. అది నాగుపాము కుటుంబంలోది. దాని విషం నరాల మీద పనిచేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, ఊపిరి ఆడదు, కరిచినచోట మాత్రం వాపూ నొప్పీ అంతగా ఉండవు. పింజర కాటు అలా కాదు. కాసేపటికే మంట, వాపు మొదలవుతాయి.

రక్తపింజర, పొడపాము ఒకటే. పొడ అంటే మచ్చ. విశాఖపట్నంలో ఉండి పాముల బొమ్మలు వేయించిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని ‘కాటుకరేకుల పొడ’ అనే తెలుగు పేరుతోనే ఎక్కించాడు. వీపు మీద మూడు వరుసల్లో గొలుసులా సాగే కోలమచ్చలు, ఒక్కో మచ్చకు కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. ఇంతకంటే చక్కగా ఏ శాస్త్రజ్ఞుడు వర్ణించగలడు! ఇంగ్లీషువాళ్లు ఆ పాముకు రస్సెల్ పేరు పెట్టుకున్నారు, ఆయనేమో మన పేరు రాసుకున్నాడు. ఈ మచ్చలు చూసే కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకునేవాళ్లున్నారు. కొండచిలువ మచ్చలు తీరూతెన్నూ లేకుండా అతుకులు వేసినట్టుంటాయని కరపత్రంలో ఒక వాక్యం చేర్చండి.

‘రక్త’ అంటే సంస్కృతంలో ఎరుపు కూడా. పింజర అంటే ఎరుపూ పసుపూ కలిసిన రంగు. కాబట్టి పేరును రంగుతో సమన్వయించడం తేలిక. కాటు తిన్నవాడి చిగుళ్ల నుంచి, మూత్రంలో నెత్తురు పడడం చూసిన జనం రెండో అర్థం చెప్పుకున్నారు. దాన్నీ కొట్టిపారేయను. పింజర, పింజరి, పెంజెర అన్నీ వాడుకలో ఉన్న రూపాలే. ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి. మెట్ట నేలల్లో తిరిగే, పొలుసులు రాపాడించి రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న జాతి ఇంకొకటి ఉంది. దానికి ‘చిన్నపింజర’ చాలు. చిన్నది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, దాని విషమూ నెత్తురు మీదే పనిచేస్తుంది.

ఇక అసలు సందేహం. మీరు చదివిన రెండు వాక్యాలూ నిజమే, కాకపోతే ఒకదాని వెనక ఒకటి. రక్తంలో గడ్డకట్టించే సరుకు కొంత ఉంటుంది. పింజర విషం దాన్ని అనవసరంగా, ఒళ్లంతా ఒక్కసారే పనిలోకి దించుతుంది. సన్నసన్న గడ్డలు కట్టి ఆ సరుకు ఖర్చయిపోతుంది. ఆ తర్వాత నిజంగా గాయమైనచోట కట్టడానికి ఏమీ మిగలదు. ఊళ్లో ‘నెత్తురు నీళ్లయిపోయింది’ అంటారే, అది సరిగ్గా ఈ రెండో దశ. అందుకని ‘రక్తానికి గడ్డకట్టే గుణం పోతుంది’ అని రాయండి. ఆస్పత్రిలో చేసే పరీక్ష కూడా దీనికే. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. అప్పటికీ నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే. గొట్టం గాజుదే కావాలి: గాజు తగిలితేనే రక్తం త్వరగా గడ్డకడుతుంది. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బు అంటుకుని ఉన్నా పరీక్ష తప్పు చెబుతుంది.

‘విషం ఎక్కడం’ అన్న మాటను వదులుకోకండి. పాము కరిచిన ప్రతిసారీ విషం ఎక్కదు. ఈ తేడా తెలుగులో ‘కరిచింది’, ‘ఎక్కింది’ అన్న రెండు మాటల్లోనే ఉంది. విషం ఎక్కడాన్ని ఇంగ్లీషులో ‘ఎన్వెనమేషన్’ అంటారు; దాన్ని ‘విషప్రయోగం’ అని అనువాదం చేస్తే ఎవరో మందు పెట్టినట్టుంటుంది.

మీ చిత్తుప్రతిలో నన్ను భయపెట్టిన మాట ఒకటుంది: ‘కాలికి కట్టు కట్టండి’. తెలుగులో పుండుకు చుట్టేదీ కట్టే, రక్తం ఆగేలా తాడుతో బిగించేదీ కట్టే. చదివిన రైతు తువ్వాలు మెలిపెట్టి బిగిస్తాడు. పింజర విషం కరిచినచోట కండను ఎలాగూ పాడుచేస్తుంది. పైన బిగించి రక్తం ఆపితే ఆ కాలు కుళ్లిపోయే ప్రమాదం మరింత పెరుగుతుంది. దాన్ని కొట్టేసి ఇలా రాయండి: ‘తాడు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి. విరిగిన కాలికి పెట్టినట్టు బద్ద ఆనించి, వేలు దూరేంత వదులుగా గుడ్డ చుట్టి, నడిపించకుండా విరుగుడు మందున్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.’