క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చాలా, మొత్తం కిట్ కొనాలా?

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ కారు వేగం అందుకోవడం లేదని, మెకానిక్ మాత్రం ప్లేటు ఒక్కటి మారిస్తే చాలంటున్నారని మీరు రాశారు. కార్ల కంపెనీ పేరుతో వచ్చే కిట్, విడిభాగాల కంపెనీ కిట్, హెవీ డ్యూటీ కిట్‌లలో ఏది కొనాలని అడిగారు. నా కారుకు క్లచ్ మార్పించాను, దగ్గరివాళ్ల కార్లకు మార్చేటప్పుడూ పక్కనే ఉండి చూశాను. నా సలహా ఇది: మొత్తం కిట్ (క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ నొక్కినప్పుడు ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగ్) తీసుకోండి, అది మీ ఇంజిన్‌కు సరిగ్గా సరిపోయేదై ఉండాలి, హెవీ డ్యూటీ జోలికి వెళ్లకండి.

కొనే ముందు జబ్బు క్లచ్‌దేనని తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద పై గేరులో, తక్కువ వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. కారు వేగం పెరగకుండా, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు మాత్రమే పైకి లేస్తే క్లచ్ జారుతున్నట్టే. కానీ జారిన ప్రతి క్లచ్చూ అరిగినట్టు కాదు. కేబుల్‌తో పనిచేసే క్లచ్ అయితే, కేబుల్ మరీ బిగుతుగా ఉండి పెడల్‌కు ఫ్రీ ప్లే (నొక్కగానే మొదట ఉండే కాస్త వదులు) లేకపోయినా ఇలాగే జారుతుంది. అలాంటప్పుడు అడ్జస్ట్‌మెంట్‌తోనే పని అయిపోవచ్చు. ముందు అది చూడమనండి.

శబ్దాలు కూడా వినండి. పెడల్ నొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే అనుమానం రిలీజ్ బేరింగ్ మీద. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు శబ్దం వచ్చి, నొక్కగానే ఆగిపోతే అది చాలావరకు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) బేరింగ్‌ది. ఏ క్లచ్ కిట్‌లోనూ అది ఉండదు. నా కారులో ఈ రెండో శబ్దం ఉండేది. ముందే గమనించి చెప్పడం వల్ల, క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడే ఆ బేరింగూ మార్చారు.

అసలు లెక్కంతా ఆ గేర్‌బాక్స్ దించడంలోనే ఉంది. ప్లేటు ఒక్కటి మార్చినా, మొత్తం కిట్ మార్చినా పని అంతే, కూలీ అంతే. మా అన్నయ్య కారుకు ప్లేటు మాత్రమే మార్చి ఇచ్చారు. కొన్ని నెలలకే పాత రిలీజ్ బేరింగ్ అరవడం మొదలుపెట్టింది. మళ్లీ గేర్‌బాక్స్ దించారు, మళ్లీ అంత కూలీ కట్టాల్సి వచ్చింది. ప్లేటుతోపాటే ప్రెషర్ ప్లేటులో నొక్కే బలాన్నిచ్చే డయాఫ్రమ్ స్ప్రింగు కూడా ఏళ్ల తరబడి పనిచేసింది. ప్రెషర్ ప్లేటు ముఖం వేడికి నీలంగా మారి, గీతలు పడి ఉంటే కొత్త ప్లేటు సమంగా ఆనదు. కారు కదిలేటప్పుడు వణుకు మొదలవుతుంది. అందుకే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఒకే తయారీదారు నుంచి ఒకే పెట్టెలో రావడం మేలు.

ఇక ఎంపిక. కారు పేరు, సంవత్సరం చెప్పి కిట్ అడిగితే సరిపోదు. ఒకే మోడల్‌లో పెట్రోలు, డీజిలు ఇంజిన్లకు వేరే క్లచ్‌లు ఉంటాయి. ఒకే ఇంజిన్‌కు కూడా మధ్యలో గేర్‌బాక్స్ మారితే క్లచ్ మారిపోతుంది. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు రాబట్టండి, దాన్ని కిట్ తయారీదారు జాబితాతో సరిచూడండి. నాకు మొదట వచ్చిన కిట్‌లో ప్లేటు వ్యాసం అచ్చం పాతదానిలాగే ఉంది. కానీ మధ్యలో షాఫ్ట్‌కు ఎక్కే స్ప్లైన్ పళ్ల సంఖ్య వేరు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడటం వల్ల అది దొరికింది. బిగించలేదు కాబట్టి మార్చి ఇచ్చారు. మీ మెకానిక్‌ను కూడా బిగించే ముందు ప్లేటును ఒకసారి ఇన్‌పుట్ షాఫ్ట్ మీద చేత్తో జరిపి చూడమనండి. ఎక్కడా పట్టకుండా, ఊగకుండా సాఫీగా కదలాలి.

బ్రాండ్ల సంగతికి వస్తే, ఫ్రాన్స్‌కు చెందిన వాలియో, జర్మనీలోని షాఫ్లర్ వాళ్ల లుక్, జెడ్‌ఎఫ్ వాళ్ల సాక్స్, జపాన్‌కు చెందిన ఎక్సెడీ, ఐసిన్ కార్ల కంపెనీలకే క్లచ్‌లు సరఫరా చేసే సంస్థలు. కార్ల కంపెనీ పేరున్న పెట్టెలో ఉండేది కూడా తరచూ ఇలాంటి సంస్థ చేసిన భాగమే. పాత ప్లేటు, ప్రెషర్ ప్లేటు మీద తయారీదారు గుర్తు చెక్కి ఉందేమో చూడండి. అది కారుతోపాటు వచ్చిన మొదటి క్లచ్ అయితే, అదే తయారీదారు కిట్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నకిలీలు మాత్రం ఈ పేర్లతోనే ఎక్కువ వస్తాయి. పెట్టె మీది అక్షరాలను నమ్మకుండా లోపలి భాగం మీద గుర్తు, పార్ట్ నంబరు ఉన్నాయా, రివెట్లు శుభ్రంగా ఉన్నాయా చూడండి.

హెవీ డ్యూటీ అన్న మాట చూసి ఎక్కువ కాలం మన్నుతుందని అనుకోవడం సహజం. రోజువారీ కారుకు అది తప్పుడు బేరం. మామూలు ప్లేటు మీద రాపిడితో పట్టుకునే పొర (ఫేసింగ్) ఆర్గానిక్ రకం. మెల్లగా పట్టుకుంటుంది, ట్రాఫిక్‌లో సగం పెడల్ మీద నడిపినా కుదుపు రాదు. సిరామిక్, సింటర్డ్ మెటల్ ఫేసింగ్‌లు ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. కానీ అవి ఒక్కసారిగా పట్టేస్తాయి, కారు ఎగిరిపడుతుంది, ఫ్లైవీల్ (ఇంజిన్‌తో తిరిగే, క్లచ్ ప్లేటు ఆనే బరువైన చక్రం) ముఖం త్వరగా అరుగుతుంది. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు బలం పెంచిన కిట్‌లో పెడల్ బరువెక్కుతుంది, నొక్కిన ప్రతిసారీ ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. ఇంజిన్ శక్తి పెంచుకున్నవారికి ఇది అవసరం, మీ కారులో అలాంటి మార్పు ఏదీ లేదని రాశారు కదా.

కిట్ కొనే ముందే మీ కారులో ఏ ఫ్లైవీల్ ఉందో తెలుసుకోండి. ఒకే ముద్దగా ఉండే మామూలు ఫ్లైవీల్ అయితే, చిన్న గీతలూ వేడి మచ్చలూ ఉన్నా తయారీదారు అనుమతించిన మందం మిగిలేంతవరకు లేత్ మీద నునుపు చేయించవచ్చు. పగుళ్లుంటే మార్చాలి. డీజిలు కార్లు చాలావాటిలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది. ఇది 1985లో లుక్ సంస్థ నుంచి ఉత్పత్తి కార్లలోకి వచ్చింది. రెండు చక్రాలు, వాటి మధ్య స్ప్రింగులు, ఇంజిన్ కుదుపులను మింగేస్తాయి. దీన్ని లేత్‌కు ఎక్కించకూడదు. పక్కకు ఊగడం, తిప్పితే వచ్చే కదలిక పరిమితి దాటితే మార్చేయాలి. దీనికి బదులు మామూలు ఫ్లైవీల్‌తో కలిపి అమ్మే కన్వర్షన్ కిట్లు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ కారు నిలబడి ఉన్నప్పుడు వణుకు, గేర్‌బాక్స్ గలగల పెరగవచ్చు. కారును ఇంకా చాలా ఏళ్లు ఉంచుకునేవారికి మొదట ఉన్న రకమే పెట్టించమని చెబుతాను. ఏది పెట్టించినా, ఫ్లైవీల్ బోల్టులు మళ్లీ వాడకూడని రకమైతే కొత్తవి తీసుకోండి.

గేర్‌బాక్స్ దిగినప్పుడు క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీలు కూడా చూడమనండి. నా కారులో వెనక సీలు దగ్గర చెమ్మ కనిపించింది, అప్పుడే మార్పించాను. అక్కడి నుంచి నూనె కారితే కొత్త ప్లేటు కూడా జారుతుంది. రిలీజ్ బేరింగ్, ద్రవం ఒత్తిడితో దాన్ని నెట్టే స్లేవ్ సిలిండర్ ఒకే భాగంగా గేర్‌బాక్స్ లోపల ఉండే కార్లలో ఆ భాగాన్నీ తప్పకుండా మార్చండి. అది కిట్‌లో ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. అలా ద్రవంతో పనిచేసే క్లచ్‌లో తర్వాత పోసే ద్రవం ఏదో మాన్యువల్‌లో చూడండి. చాలా కార్లకు బ్రేక్ ఫ్లూయిడే వాడతారు, కొన్నింటికి మినరల్ ఆయిల్ కావాలి. ఒకదాని బదులు మరొకటి పోస్తే సీళ్లు పాడవుతాయి.

బిగింపులో నేను పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. ప్లేటును నడిమధ్య నిలిపే అలైన్‌మెంట్ టూల్ వాడాలి. ప్రెషర్ ప్లేటు బోల్టులు ఒకదాని ఎదుటిది చొప్పున కొద్దికొద్దిగా బిగించాలి. స్ప్లైన్లకు గ్రీజు పలుచగా పూయాలి, ఎక్కువైతే తిరుగుతున్నప్పుడు ఎగిరి ఫేసింగ్ మీద పడుతుంది. గేర్‌బాక్స్ బరువును ప్లేటు మీద వేలాడనివ్వకూడదు, ప్లేటు నడిమి భాగమైన హబ్ వంగిపోతుంది. మీది సెల్ఫ్ అడ్జస్టింగ్ (అరుగుదలకు తగ్గట్టు తానే సర్దుకునే) క్లచ్ అయితే దానికి ప్రత్యేక పనిముట్లు కావాలి. అవి ఉన్నాయా అని ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మార్చాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, బరువులు లాగవద్దు, ఎత్తు మీద క్లచ్‌తోనే కారును ఆపి పట్టుకోవద్దు. పెడల్ వదిలేటప్పుడు క్లచ్ పట్టే చోటు మారినట్టు అనిపిస్తుంది, కంగారు పడకండి.

పాత భాగాలు అడిగి తీసుకోండి. ఫేసింగ్ రెండు వైపులా సమంగా రివెట్ల దాకా అరిగి ఉంటే క్లచ్ తన ఆయుష్షు పూర్తిచేసుకున్నట్టే. ఇంకా మందంగా ఉండి అద్దంలా మెరుస్తూ కాలిన వాసన వస్తే, పెడల్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు కారణం కావచ్చు. నూనె తడి కనిపిస్తే గేర్‌బాక్స్ ఎక్కించక ముందే సీలు సంగతి తేల్చుకోండి.