సమాధానం: కాపర్ కాటినేన్ వలయం తిరగట్లేదనే సందేహం

మీ కాపర్ కాటినేన్‌ని (గొలుసు లింకుల్లా చిక్కుకున్న రెండు వలయాలు, మధ్యలో కాపర్ ఉన్న అణువు) సైక్లిక్ వోల్టామెట్రీలో (వోల్టేజీని ముందుకీ వెనక్కీ మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) చూస్తే, నాలుగు నైట్రోజన్ల స్థితికి చెందిన +0.6 వోల్టుల దగ్గర రివర్సిబుల్ జంట (రానూపోనూ శిఖరాలు) మాత్రమే వస్తోంది, ఐదు నైట్రోజన్ల స్థితికి చెందిన −0.1 దగ్గర ఏమీ లేదు, అంటే వలయం కదలట్లేదేమో అని అడిగారు. పదార్థం బాగానే ఉన్నట్టుంది, చాలనిది సమయం. 1994లో స్ట్రాస్‌బర్గ్‌లో రసాయన శాస్త్రవేత్త సొవాజ్ బృందం చూపిన కాటినేన్‌లోనూ ఇంతే: కాపర్-2కి (కాపర్-1 ఒక ఎలక్ట్రాన్ కోల్పోతే వచ్చే రూపం) ఐదు నైట్రోజన్లు కావాలి, కానీ వలయంలోని ఫెనాంథ్రోలిన్ (రెండు నైట్రోజన్ల భాగం) వదిలి టెర్‌పిరిడిన్‌కి (మూడు నైట్రోజన్ల భాగం) మారడం చాలా నెమ్మది. సెకనుకు 100 మిల్లీవోల్టుల స్కాన్‌లో అది కదిలేలోపే మీరు వెనక్కి రిడ్యూస్ చేసేస్తున్నారు (ఎలక్ట్రాన్ తిరిగి ఇచ్చేస్తున్నారు).

ప్లాటినం జాలీతో +1.0 వోల్టు (ఎస్‌సీఈ అనే కాలొమెల్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి) దగ్గర పట్టి ఉంచండి. కౌంటర్ ఎలక్ట్రోడ్ ఫ్రిట్ (సన్న రంధ్రాల గాజు పలక) వెనక వేరే గదిలో ఉండాలి. 1 మిల్లీమోలార్ ద్రావణం 10 మిల్లీలీటర్లకు దాదాపు 0.96 కూలుంబులు పోవాలి. తక్కువైతే ఆక్సీకరణ పూర్తి కానట్టే. ఎరుపు ముదురు ఆకుపచ్చ అవుతుంది. కరెంటు ఆపి నైట్రోజన్ కింద వదిలేయండి; రంగు లేత ఆలివ్‌కి దిగితే వలయం తిరిగినట్టు. గంటలు పట్టినా కంగారు పడకండి.

అప్పుడు పాజిటివ్ వైపు నుంచి కిందికి స్కాన్ చేస్తే −0.1 ప్రాంతంలో రిడక్షన్ శిఖరం కనిపిస్తుంది. నెమ్మది స్కాన్‌లో దానికి తిరుగు శిఖరం ఉండదు, ఎందుకంటే కాపర్-1 సెకన్లలోనే నాలుగు నైట్రోజన్ల స్థితికి వెళ్లిపోతుంది.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నుంచి క్లోరైడ్ కారకుండా తప్పనిసరిగా డబుల్ జంక్షన్ (మధ్యలో అదనపు ద్రావణపు గది ఉన్న అమరిక) వాడండి. క్లోరైడ్ కాపర్-2 ఐదో స్థానంలో కూర్చుంటే శిఖరాలను నమ్మలేం.