నిలువు అక్షమా, లంబాక్షమా?

సందేహం: తొమ్మిదో తరగతి పిల్లలకు గ్రాఫుల పాఠం చెబుతున్నాను. పుస్తకంలోని ‘క్షితిజ సమాంతర అక్షా’న్ని పిల్లలు ‘అడ్డం గీత’ అంటున్నారు. ఇది తప్పా? నిలువుగా ఉండే రెండోదాన్ని, అంటే వై-అక్షాన్ని, ‘లంబాక్షం’ అనవచ్చా? కాగితం బల్ల మీద పరిచినప్పుడు రెండు గీతలూ నేలకు సమాంతరమే కదా అని ఒక అమ్మాయి అడిగింది. ఆమెకు ఏమి చెప్పాలి?
– ఒక ఉపాధ్యాయిని, మధురవాడ, విశాఖపట్నం

సమాధానం: ఆ అమ్మాయిని మెచ్చుకోవాలి, మీ సందేహాలన్నిటికీ మూలం ఆమె ప్రశ్నలోనే ఉంది. మన ఆర్కే బీచిలో నిలబడి సముద్రంకేసి చూస్తే నింగీ నీరూ కలిసినట్లు కనిపించే గీత క్షితిజం. దానికి సమాంతరంగా ఉన్నది క్షితిజ సమాంతరం. తరగతి గోడకున్న నల్లబల్ల మీద గీసిన అడ్డం గీతకు, అంటే ఎక్స్-అక్షానికి, ఈ మాట అక్షరాలా సరిపోతుంది. కాగితాన్ని బల్ల మీద పరిచినప్పుడు మాత్రం, ఆమె అన్నట్లే, రెండు అక్షాలూ నేలకు సమాంతరమే అవుతాయి కనుక, అక్కడ ఆ పేరు అలవాటు వల్ల నిలిచినదే తప్ప అర్థం వల్ల కాదు.

‘అడ్డం’, ‘నిలువు’ అనే మాటలకు ఈ చిక్కు లేదు. సింహాచలం కొండ మీద నిలువు బొట్టుతో కనిపించే భక్తుడు ఇంటికి వెళ్ళి మంచం మీద నడుం వాల్చినా అది నిలువు బొట్టే, ఎందుకంటే ఆ నిలువు ముఖాన్ని బట్టి ఏర్పడినది గాని నేలను బట్టి కాదు. పత్రికల్లోని గళ్ళ నుడికట్టులో ‘అడ్డం’, ‘నిలువు’ అన్న ఆధారాలనూ పడుకుని చదివినా పొరబడం. అందువల్ల పిల్లల మాట తప్పు కాకపోగా, కాగితం మీది గ్రాఫుకు అదే ఎక్కువ తగిన మాట అని నా అభిప్రాయం.

‘లంబాక్షం’ మాత్రం వద్దు. సంస్కృతంలో లంబమంటే వేలాడేది. దారానికి గుండు కట్టి వదిలితే అది నిలిచే దిక్కు. కాని గణితంలో లంబమన్నది రెండు గీతల మధ్య సంబంధంగా స్థిరపడింది. ఎక్స్-అక్షానికి వై-అక్షం ఎంత లంబమో, వై-అక్షానికి ఎక్స్-అక్షమూ అంతే లంబం. కాబట్టి ‘లంబాక్షం’ అంటే ఏ అక్షమో తేలదు.

కొందరు వై-అక్షాన్ని ‘ఎత్తు గీత’ అంటారు, అదీ సరికాదు. రేవులో ఆటుపోట్లను గ్రాఫుగా గీస్తే గంటలు అడ్డంగా, నీటిమట్టం నిలువుగా వస్తాయి. గీత కుడికి సాగితే పొద్దు గడిచిందని, పైకి లేస్తే నీరు పెరిగిందని చదువుకుంటాం. ఇక్కడ నిలువు నిజంగానే ఎత్తు. అయితే లోతును బట్టి సముద్రపు నీటి ఉష్ణోగ్రత మారే తీరును చూపేటప్పుడు శాస్త్రజ్ఞులు సాధారణంగా అదే నిలువు అక్షం మీద సున్నాను పైన ఉంచి, లోతును కిందికి గుర్తిస్తారు. ఆర్థికశాస్త్రంలో సరకు ధర నిలువు అక్షం మీద ఉంటుంది. అక్షం నిలువుగా ఉన్నంత మాత్రాన దాని మీది రాశి ఎత్తు కానక్కరలేదు.

ఇక రాత సంగతి. నిలువు, అద్దం కలిసి టుగాగమంతో, అంటే మధ్యలో ‘ట’కారం వచ్చి చేరి, ‘నిలువుటద్దం’ అయినట్లే ‘నిలువుటక్షం’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది. కాని పాఠంలో పిల్లలు రెండు మాటలనూ విడివిడిగా గుర్తుపట్టాలి కనుక ‘నిలువు అక్షం’, ‘అడ్డు అక్షం’ అని విసంధిగానే రాయించండి.